ఓడదొంగలు: కథలును, కాగితములును
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



ఓడదొంగ యనగానే పిల్లల కన్నులయెదుట నిలుచు రూపము ఒక్కటే. ఒంటికన్ను, కొయ్యకాలు, భుజముపై చిలుక, నడుమున బాకు, చేతిలో ఎఱ్ఱగీటు గీసిన పటము. గీటున్నచోట త్రవ్వినచో పెట్టెనిండ బంగారము! ఈ రూపమును లోకమున వ్యాపింపజేసినవాడు స్టీవెన్సన్ అను స్కాట్లండు రచయిత. ఆయన ‘ట్రెజర్ ఐలెండ్’ 1883లో పుస్తకముగ వెలువడెను. నండూరి రామమోహనరావుగారు దానిని ‘కాంచనద్వీపము’ అను పేర తెనిగించిరి. కథగా అది చదువదగినదే. కాని ఆ పటమును నమ్మి పలుగుపార పుచ్చుకొని బయలుదేరువాడు వట్టిచేతులతో తిరిగిరావలసియుండును. ఓడదొంగలు సొమ్ము పాతిపెట్టుట మిక్కిలి అరుదు. చిక్కిన సొమ్మును వెంటనే పంచుకొని, రేవు చేరినదే తడవుగ పానశాలలలో ఊడ్చిపెట్టుట వారి వాడుక. బందీలను పలకమీద నడిపించి సముద్రములో పడవేయుట యను ముచ్చటయు కథలలో కనబడినంత తఱచుగ చరిత్రలో కనబడదు. చంపదలచినవాడు పలక వేయుటకు శ్రమపడుట యెందులకు?

ఓడదొంగతనము ఒక్క పాశ్చాత్యుల సొత్తు కాదు. దండి మహాకవి దశకుమారచరితములో మిత్రగుప్తుని కథ కలదు. కాళ్లుచేతులు కట్టి సముద్రములో త్రోయబడిన ఆ రాజపుత్రుని ఒక యవనుల ఓడ పైకిలాగును. అంతలో పడవలగుంపు వచ్చి ఆ ఓడను చుట్టుముట్టును. మిత్రగుప్తుడు వారితో పోరాడి, నాయకుని పట్టి చూచునప్పటికి, వాడు ఎవ్వడో దిక్కుమాలిన దొంగ కాడు; తన్ను సముద్రములో త్రోయించిన రాజకుమారుడు భీమధన్వుడే! దొరకును దొంగకును నడుమ దూరము ఒక్కొక్కచో ఎంత స్వల్పమో దండి నవ్వుచునే చూపినాడు. కేతన దశకుమారచరితమును పదుమూడవ శతాబ్దిలో తెనుగుచేసి తిక్కన కంకితమిచ్చెను.

ఆ శతాబ్ది చివర మన తీరములనుగూర్చి వ్రాసిన మార్కోపోలో, మలబారు ఘూర్జర తీరముల ఓడదొంగలను వర్ణించినాడు. వారు ఆలుబిడ్డలను వెంటబెట్టుకొని వేసవి యంతయు సముద్రముపైననే కాపురముండెడివారట. ఇరువదిముప్పది ఓడలు రెండేసి క్రోసుల యెడముతో వరుసగ నిలిచి, వర్తకుని ఓడ కనబడగనే పొగతోనో మంటతోనో ఒకరికొకరు సంజ్ఞ చేసికొనెడివారట. వర్తకులు ముత్యములను మ్రింగి దాచుదురని, ఘూర్జర చోరులు చింతపండు కలిపిన ఉప్పునీరు వారిచేత త్రాగించెడివారని కూడ ఆయన వ్రాసెను. చింతపండు ఇట్టి పనికిని వచ్చునని మన యిల్లాండ్రకు తెలియదు.

అయితే వర్తకుని సొమ్మును దొంగ యొక్కడే దోచెడివాడా? కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము దీనికి సమాధానము చెప్పును. గాలివానకు చెదరి తీరమున తగిలిన ఓడలలోని సరకునంతను పూర్వరాజులు బలాత్కారముగ లాగుకొనెడివారనియు, తాను న్యాయమైన సుంకముదప్ప మిగిలినదంతయు సరకుగలవారికే విడిచితిననియు అందు చెప్పబడినది. పూర్వరాజుల ఆ పని దోపిడికాక మఱేమి? కాని వారిని ఓడదొంగలని ఎవ్వరును వ్రాయలేదు.

ఇక పాశ్చాత్యుల ఓడదొంగలకు స్వర్ణయుగమనబడు 1700 ప్రాంతపు కాలమునకు వత్తము. నాటి వర్తకపు ఓడలలో నావికుని బ్రతుకు దుర్భరము. పురుగుపట్టిన రొట్టె, కొరడాదెబ్బలు, ఏడాదికో రెండేండ్లకో చేతికందు జీతము. అందులో నాయకుడు కోసికొన్న కోతలు. ఇట్టివారే పెక్కుమంది దొంగలలో కలిసిరి. అందుచేత వారు మొట్టమొదట వ్రాసికొన్నది సొమ్ము పంపకపు కట్టుబాట్లు. బార్తలోమ్యూ రాబర్ట్సు అను వేల్సు దేశీయుని ఓడ కట్టుబాట్లు 1724లో లండనులో అచ్చయిన ఓడదొంగల చరిత్రలో కలవు. ముఖ్య విషయములలో ప్రతివానికి ఒక ఓటు. దోపిడిలో నాయకునికిని, సరకుల పెద్దకును రెండేసి వాటాలు, ఓడ నడుపువానికిని, ఫిరంగులవానికిని ఒకటిన్నర, చిన్న అధికారులకు ఒకటింబాతిక, తక్కినవారికి ఒక్కటి. కాలుగాని చేయిగాని పోయినవానికి ఉమ్మడి సొమ్మునుండి ఎనిమిదివందల వెండినాణెములు. డబ్బుకై పాచికలుగాని పేకగాని ఆడరాదు. రాత్రి ఎనిమిది గంటలకు దీపములు ఆర్పవలెను. వాద్యగాండ్రకు ఆదివారము సెలవు! రాజుగారి యుద్ధనౌకలలో నాయకుని వాటా సామాన్యుని వాటాకు రెండింతలు కాదు, ఎన్నో రెట్లు. నాలుగువందల ఓడలకుపైగ పట్టినాడని చెప్పబడు ఈ రాబర్ట్సు 1722లో ఆఫ్రికా తీరమున ఇంగ్లీషు యుద్ధనౌకతో పోరాడి మడిసెను.

ఈ లెక్క చూచి ఓడదొంగలు ధర్మాత్ములని భ్రమపడరాదు. పంచుకొనుటలో న్యాయమున్నంతమాత్రమున, పంచుకొన్న సొమ్ము పరుల సొమ్ము కాకపోదు. 1695లో హెన్రీ ఎవ్రీ అను ఇంగ్లీషు దొంగ, మక్కాయాత్ర ముగించుకొని సూరతునకు తిరిగివచ్చుచున్న ఔరంగజేబు చక్రవర్తి ఓడ ‘గంజ్-ఇ-సవాయి’ని పట్టెను. ఆ ఓడలో ఏబదిరెండు లక్షల రూపాయల వెండిబంగారములు ఉండెనని నాటి చరిత్రకారుడు ఖాఫీఖాను వ్రాసెను. దినములతరబడి యాత్రికులను హింసించిరి. మానరక్షణకై స్త్రీలు కొందఱు సముద్రములో దూకిరి. ఎవ్రీ ఎన్నడును పట్టుబడలేదు. ఇంగ్లండులో అతనిపై పాటలు కట్టిరి, నాటకము ఆడిరి. దూకిన స్త్రీల పేర్లు ఏ పాటలోను లేవు.

మొగలు ప్రభుత్వము సూరతులోని ఇంగ్లీషువారిని నిర్బంధములో నుంచెను. ఈస్టిండియా కంపెనీ వర్తకము నిలిచిపోవునంత పని యయ్యెను. దొంగలను శిక్షించి చూపినగాని కంపెనీ మాట దిల్లీలో చెల్లదు. ఈ చిక్కుముడిలో తగులుకొన్నవాడే కెప్టెన్ విలియం కిడ్.

కిడ్ న్యూయార్కులో ఇల్లువాకిలి గల గృహస్థు. మూడవ విలియం రాజు అతనికి రెండు అనుమతిపత్రము లిచ్చెను: ఓడదొంగలను పట్టుటకు ఒకటి, శత్రువులైన ఫ్రెంచివారి ఓడలను పట్టుటకు ఒకటి. పెట్టుబడి పెట్టినవారు ఇంగ్లండు మంత్రులును ప్రభువులును. వారిలో న్యూయార్కు గవర్నరు కానున్న బెల్లమాంట్ ప్రభువు ఒకడు. రాబడిలో రాజునకు పదియవ వంతు. మిగిలినదానిలో పెద్దభాగము ప్రభువులది. నావికులకు జీతము లేదు. ఓడ పట్టినగాని కూలి లేదు. రాబర్ట్సు కట్టుబాట్లను ఈ ఒడంబడిక ప్రక్కన పెట్టి చదువవలెను.

1696లో ‘అడ్వెంచర్ గాలీ’ ముప్పదినాలుగు ఫిరంగులతో బయలుదేరెను. ఏడాది గడిచినను దొంగయు చిక్కలేదు, ఫ్రెంచి ఓడయు చిక్కలేదు. రోగములకు అనేకులు పోయిరి. ఓడ అడుగు కారజొచ్చెను. నావికులు తిరుగబడ సిద్ధమైరి. 1697 అక్టోబరులో మాటామాటా పెరిగి, కిడ్ ఇనుపకట్ల బొక్కెన యెత్తి విలియం మూర్ అను ఫిరంగివాని తలపై కొట్టెను. మూర్ మఱునాడు మరణించెను.

1698 జనవరి 30న మలబారు తీరమున ‘క్వెడా మర్చంట్’ చిక్కెను. బంగాళము నుండి సూరతునకు పోవుచున్న ఓడ, ఆర్మీనియా వర్తకులది, అందు పట్టుబట్టలు, పంచదార, నల్లమందు, సురేకారము. నాయకుడు మాత్రము ఇంగ్లీషువాడు. ఆ కాలపు వర్తకులు నాలుగు జాతులవారి రహదారి చీటీలును దగ్గఱ నుంచుకొని, ఎదురైనవాని జెండాను బట్టి చీటీ చూపెడివారు. కిడ్ ఫ్రెంచి జెండా ఎగురవేసెను. వారు ఫ్రెంచి చీటీ చూపిరి. ఆ చీటీ చేతికి రాగానే, ఇది శత్రువుల ఓడ యని కిడ్ నిర్ణయించెను. న్యాయస్థానమునకు పట్టుకొనిపోయి తీర్పు పొందవలసిన ఓడ సరకును, దారిలోనే కొంత అమ్మి పంచెను. ఇచట అతని తప్పును దాచుటకు వీలులేదు. అతడు చేయనని ప్రమాణముచేసి వచ్చిన పనియే చేసెను. కాని చేతిలో కాగితముంచుకొని చేసెను.

మడగాస్కరులో నావికులు పెక్కుమంది అతనిని విడిచి మఱియొక దొంగ ఓడ నెక్కిరి. కిడ్ శిథిలమైన తన ఓడను వదలి, పట్టిన ఓడలోనే పశ్చిమ ఇండియా దీవులకు చేరగా, తాను ఓడదొంగగ చాటబడినట్లు అచట వినవచ్చెను. ఆ పెద్ద ఓడను ఒక దీవిచాటున వదలి, చిన్న ఓడలో న్యూయార్కు ప్రాంతమునకు పోయి, 1699లో గార్డినర్సు దీవిలో కొంత సొమ్ము పాతెను. లోకములోని పాతర కథలన్నింటికిని మూలమైన పాతర యిది. పో అను అమెరికా రచయిత 1843లో వ్రాసిన ‘గోల్డ్ బగ్’ కథకును ఇదియే బీజము. కాని ఆ పాతర వారములలోనే బయటపడెను. బెల్లమాంట్ కిడ్‌ను బోస్టనులో పట్టించి, అచటచట నున్న సొమ్మునంతను త్రవ్వించి జాబితా వ్రాయించెను. బంగారము 1,111 ఔన్సులు, వెండి 2,353 ఔన్సులు, బట్టల మూటలు 41, పంచదార బస్తాలు 57. పంచదార బస్తాలు గల నిధినిగూర్చి ఏ కథకుడును వ్రాయలేదు.

1701 మే నెలలో లండనులో విచారణ జరిగెను. పార్లమెంటులో ప్రతిపక్షమువారు కిడ్ నోట మంత్రుల పేర్లు రప్పింపజూచిరి. పెట్టుబడిదారులు అతని మొగము చూడలేదు. కిడ్ మొదటినుండి తుదివఱకు అడిగినది ఒక్కటే: ఫ్రెంచి రహదారి చీటీలు చూపుడని. వానిని అతడు బెల్లమాంట్ చేతి కిచ్చియుండెను. బెల్లమాంట్ లండనుకు పంపియుండెను. విచారణనాటికి అవి కనబడలేదు. మూర్ హత్యకును ఓడదొంగతనమునకును మరణశిక్ష విధింపబడెను. మే 23న థేమ్సు ఒడ్డున ఉరితీయగా త్రాడు తెగెను, మఱల ఉరితీసిరి. శవమునకు తారుపూసి, ఇనుపచట్రములో బిగించి, వచ్చిపోవు ఓడలకు కనబడునట్లు టిల్బరీ వద్ద వ్రేలాడదీసిరి.

చీటీలు ఉన్నను మూర్ హత్యానేరము తొలగియుండెడిది కాదు. కాని ఓడదొంగతనపు నేరమునకు అతడు చెప్పుకొనదగిన సమాధానము ఆ రెండు కాగితములలో నుండెను. ఉన్నదని తెలిసిన దస్తావేజును దాచి చేసిన తీర్పు, శిక్షపడినవాడు ఎట్టివాడైనను, తీర్పు కానేరదు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో, అనగా రెండువందల యేండ్లు గడిచిన పిమ్మట, ఆ ఫ్రెంచి చీటీలు లండనులోని ప్రభుత్వ దస్త్రములలో, సంబంధములేని కాగితముల నడుమ దొరకినవి. వానిని ఎవరైన కావలెనని అచట పెట్టిరో, తప్పుకట్టలో పడిపోయినవో ఏ దస్త్రమును చెప్పుటలేదు.

‘క్వెడా మర్చంట్’ యొక్క శిథిలములు 2007లో డొమినికన్ రిపబ్లిక్కు దాపున, కటలీనా దీవి యొడ్డున దొరకినవి. నిలువెత్తు రెండింతలైన లేని లోతున, పాచిపట్టిన ఫిరంగులు గుట్టగ పడియున్నవి. బంగారము లేదు.