కూర కూడా హక్కే

(నిజామాబాద్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నన్ను కూరగాయలు, ఆకుకూరలు వండుకోవడం, నిలవ పెట్టుకోవడం గురించి మాట్లాడమన్నారు. భూమి, కూలి, వరకట్నం, చట్టాల గురించి మాట్లాడుకునే చోట ఈ వంటింటి ముచ్చట ఎందుకని మీలో కొందరికి అనిపించి ఉండవచ్చు. వంటిల్లు ఆడవాళ్ళ రాజ్యమని అంటారు. మరి ఆ రాజ్యంలో చివరికి తినేదెవరు? మగవాళ్ళు, పిల్లలు తిన్నాక గిన్నె అడుగున కూర మిగిలితే మనం తింటాం. మిగలకపోతే తొక్కు వేసుకుని నాలుగు ముద్దలు మింగి పనికి పోతాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. కాబట్టి కూర సంగతి హక్కుల సంగతే.

మన ప్రాంతం సంగతి చూడండి. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ వచ్చాక ఇక్కడి మెట్ట పొలాలు మాగాణి అయ్యాయి. 1930ల చివర బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీకి వేల ఎకరాల సొంత చెరకు క్షేత్రాలుండేవి. కోస్తా నుంచి వచ్చిన రైతులు కాలువల వెంట క్యాంపులు కట్టుకున్నారు. చెరకు, వరి పండాయి, డబ్బు వచ్చింది. కానీ చెరకు దాదాపు ఏడాది పొడుగునా నేలను పట్టుకుని ఉండే పంట. జొన్న చేనులో అయితే కంది, పెసర, అనుము, గోగు, దోస కలిసి పెరిగేవి. చేనుకు పోయిన ఆడమనిషి వట్టి చేతులతో ఇంటికి వచ్చేది కాదు. చెరకు తోటలో కొంగున కట్టుకుని తెచ్చుకునేదేముంటుంది? 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు వాళ్ళ చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు తగ్గి వరి, సోయా, మక్క పెరిగాయి. పంట మారింది గాని మన పళ్ళెంలోకి ఆకుకూర తిరిగి రాలేదు.

ఎందుకు రాలేదు? కలుపు మందు వల్ల. గంగవాయిలి, చెంచలి, తుమ్మి, గునుగు, పొన్నగంటి, దొగ్గలి – వీటిని రైతు కలుపు అంటాడు, మనం కూర అంటాం. కలుపు తీసే కూలీకి సాయంత్రం రెండు సంపాదనలుండేవి. ఒకటి కూలి డబ్బు, రెండోది ఒడి నిండా ఆకు. మందు పిచికారీ మొదలయ్యాక ఆ రెండూ ఒక్కసారే పోయాయి. పోయిన కూలి గురించి మనం మాట్లాడాం. పోయిన కూరను ఎవరూ లెక్కలో రాయలేదు, దానికి నష్టపరిహారం అడిగినవాళ్ళు కూడా లేరు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఈ విత్తని పంటల పేర్లను, రుచులను, గుణాలను పోగు చేసి, ఇది కలుపు కాదు, పేదల తిండి అని గట్టిగా చెప్పాయి. ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మన దగ్గరా ఆ పని జరగాలి. ఒక్క జాగ్రత్త చెబుతాను: మందు కొట్టిన చేను గట్టు మీద, మురికి కాలువ పక్కన ఆకు కోయవద్దు. పెద్దవాళ్ళు గుర్తుపట్టిన ఆకునే వండండి.

ఇక కాలాల సంగతి. వానాకాలం మొదట్లో చేని ఆకులు, తర్వాత బీర, ఆనిగెపుకాయ, గోకర, బెండ వస్తాయి. చలికాలంలో చిక్కుడు, వంకాయ, టమాట, మెంతి, కొత్తిమీర చవక. ఎండాకాలంలో చింతచిగురు, మామిడికాయ తప్ప పచ్చికూర తక్కువ. కాలంతో కలిసి కొంటే డబ్బు మిగులుతుంది. 2023 జులైలో కిలో టమాట నూరు రూపాయలు దాటిపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. అదే టమాట కొన్ని చలికాలాల్లో అడిగేవాళ్ళు లేక రోడ్డు మీద పారబోస్తారు. పండించినామెకు ధర లేదు, వండేటామెకు టమాట లేదు. మధ్యలో నిలవ పెట్టే ఏర్పాటు లేకపోవడం ఇందుకు ఒక పెద్ద కారణం.

నిలవకు ఫ్రిజ్ ఒక్కటే దారి కాదు. ఆకుకూర తేగానే కట్ట విప్పండి. కట్టలో వేడి పుట్టి లోపలి ఆకు కుళ్ళుతుంది. చెడిన ఆకు ఏరేసి, కడగకుండా, తడిపి పిండిన గుడ్డలో వదులుగా చుట్టి చల్లటి మూల పెట్టండి. వండే ముందే కడగండి, కడిగాకే తరగండి. తరిగి నీళ్ళలో వేస్తే సత్తువంతా నీళ్ళలో పోతుంది. కొత్తిమీర, పుదీన వేళ్ళతో ఉంటే గ్లాసు నీళ్ళలో నిలబెట్టండి. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ ఒకే బుట్టలో వేయవద్దు, రెండూ త్వరగా చెడతాయి.

ఇక్కడ కూర్చున్నవాళ్ళలో బీడీలు చుట్టే అక్కలు చాలామంది ఉన్నారు. తునికాకును తడిపి, గోనెలో చుట్టి, తెల్లారేదాకా మెత్తగా ఉంచే విద్య మీది. షావుకారు ఆకును అంత భద్రంగా కాపాడే చేతులకు సొంత ఇంటి ఆకును కాపాడటం ఎవరూ నేర్పనక్కరలేదు. ఒకటే మనవి: తంబాకు ఉన్న చోట కూరగాయలు పెట్టవద్దు. బీడీ చాట మీద నుంచి లేచి చేతులు సబ్బుతో కడగనిదే ఆకు తుంచవద్దు.

ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ 1980లలో కరెంటు లేని చల్లగదిని తయారు చేసింది. ఇటుకలతో రెండు వరసల గోడ కట్టి, మధ్య సందులో ఇసుక నింపి, పొద్దున సాయంత్రం తడపాలి. పైన తడి గోనె కప్పాలి. ఇసుకలో నీరు ఆవిరైపోతూ లోపలి వేడిని లాగేస్తుంది. మన మంచినీళ్ళ కుండ చల్లబడేది కూడా ఈ సూత్రంతోనే. ఎండాకాలంలో బయటికంటే లోపల 10 నుంచి 15 డిగ్రీల వరకు తగ్గుతుంది. నైజీరియాలో మొహమ్మద్ బా అబ్బా అనే ఉపాధ్యాయుడు 1990లలో పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్య తడి ఇసుక నింపి ఇదే పని చేశాడు. పొడి ఎండ ఉన్నప్పుడే ఇది బాగా పనిచేస్తుంది, ముసురు పట్టినప్పుడు పనిచేయదు. నిజామాబాద్ ఎండలకు మాత్రం సరిగ్గా సరిపోతుంది. ఒక్కొక్క ఇంటికీ కాకపోయినా సంఘం వాకిట్లో ఒకటి కట్టుకుంటే, కూరగాయలమ్మే అక్క సాయంత్రం మిగిలిన సరుకును అగ్గువకు వదిలించుకోనక్కరలేదు.

ఒరుగులు మన పాత బ్యాంకు. వంకాయ, కాకర, గోకర, టమాట, మామిడి – చవకగా ఉన్నప్పుడు తరిగి, కాస్త ఉప్పు, పసుపు పట్టించి ఎండబెట్టాలి. విరిస్తే పుటుక్కున విరగాలి. వంగితే లోపల ఇంకా తడి ఉన్నట్టే, బూజు పడుతుంది. మెంతి, పుదీన, కరివేపాకు నీడన ఎండబెట్టండి. ఎండలో వేస్తే కంటిచూపుకు పనికొచ్చే సత్తువ తగ్గిపోతుంది. ఎండినా ఇనుము పోదు, పులుపులో ఉండే సి విటమిన్ పోతుంది. అందుకని ఒరుగు కూర మీద నిమ్మకాయ పిండుకోండి. ఆ పులుపు ఆకులోని ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. అన్నం తినగానే చాయ తాగడం మానండి, అది ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

పుంటికూర తొక్కు సంగతి మీకు తెలియంది కాదు. కడిగిన ఆకు చుక్క తడి లేకుండా ఆరాలి, నూనెలో మగ్గాలి, జాడీలో పైన నూనె తేలాలి. తడి చెంచా పెడితే అంతే సంగతులు. పుల్లటివి అల్యూమినియం గిన్నెలో నిలవ ఉంచవద్దు. కానీ తొక్కు నంజుకోవడానికే, కూరకు బదులు కాదు. ఏళ్ళ తరబడి ఉప్పు, కారంతోనే అన్నం తినే ఆడమనిషికి బీపీ వస్తే అది ఆమె తలరాత కాదు, ఆ ఇంట్లో కూర పంచిన తీరు.

ఇంత చెప్పి ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఆకు ఏరడం, తరగడం, ఎండబెట్టడం, దంచడం – ఇదంతా ఎవరి పని? కూలి నుంచి వచ్చి, బీడీలు చుట్టి, మళ్ళీ ఒరుగులు కూడా ఆమే పెట్టాలంటే దాన్ని పౌష్టికాహార ప్రచారం అనలేం, మరో వెట్టి అనాలి. మగపిల్లలకు ఆకు తుంచడం నేర్పండి. ఇంట్లో అందరూ ఒకేసారి కూర్చుని తినే అలవాటు చేయండి. వండిన కూరను ముందే అందరికీ సమానంగా తీసిపెట్టండి. ఖర్చు లేని ఈ మార్పు చాలా ఇళ్ళలో పెద్ద గొడవ అవుతుందని నాకు తెలుసు. గొడవ అవుతోందంటేనే అది అధికారానికి సంబంధించిన విషయమని అర్థం.

ఇంటి బయట అడగవలసినవీ ఉన్నాయి. 2013 ఆహార భద్రతా చట్టం కింద రేషన్ కార్డు మీద బియ్యం వస్తాయి, కూరగాయలు రావు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించాక బడిలో వండిన భోజనం పిల్లల హక్కయింది. ప్రాథమిక పాఠశాలలో పిల్లకు రోజుకు 50 గ్రాములు, పైతరగతుల్లో 75 గ్రాముల కూరగాయలు పెట్టాలని నిబంధన. మీ ఊరి బడిలో ఎంత పెడుతున్నారో వెళ్ళి చూడండి. అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు పెట్టే భోజనంలో ఆకుకూర ఉందో లేదో చూడండి. ఆ కూరగాయలు ఊళ్ళోని మహిళా సంఘాల దగ్గరే కొనాలని గ్రామసభలో తీర్మానం పెట్టించండి. పెంచడానికి గుంటెడు జాగా కావాలి. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు హక్కు మన రాష్ట్రంలో 1980ల నుంచే ఉంది, 2005లో దేశమంతటా వచ్చింది. కాగితం మీది ఆ హక్కు పెరటి మడి దాకా రావాలి. భూమి లేనివాళ్ళకు ఊరి ఉమ్మడి జాగాలో, బడి ఆవరణలో, చెరువు శిఖంలో పాదులు పెట్టుకునే వీలు అడగాలి.

ఇళ్ళకు తిరిగి వెళ్ళాక ఒక్క పని చేయండి. మీ సంఘంలో ఒక వారం పాటు ప్రతి సభ్యురాలు ఏ పూట ఏ కూర, ఎంత తిన్నదో రాయండి. చదువురానివాళ్ళ తరఫున చదువు వచ్చినవాళ్ళు రాయండి. ఆ కాగితం పట్టుకుని వచ్చే సమావేశంలో మాట్లాడుకుందాం. అప్పుడు మన దగ్గర ఉపన్యాసాలు కాదు, లెక్కలుంటాయి. మండలాఫీసులో లెక్కలకున్న విలువ కన్నీళ్ళకు లేదు కదా!