ఇల్లు కట్టుకొనుటకు అనుమతి యేల?

(సూర్యాపేటయందలి యొక పఠనమందిరమున మేము చేసిన యుపన్యాస పాఠము)



'అనుమతి' యన్న మాట మన సీమలో చిరకాలము చేదుగా నుండెను. నిజాము ప్రభుత్వమువారి 53వ గస్తీ యమలునందున్న దినములలో పదిమంది కూడి సభ చేసికొనవలెనన్నను సర్కారువారి యాజ్ఞ ముందుగా పొందవలసియుండెను. నోరు విప్పుటకు అడుగవలసిన యనుమతి దాస్యచిహ్నము. దానిని త్రోసివేయుట మన పెద్దల ఘనత. నేడు మేము ప్రస్తావింపబూనినది వేఱొక యనుమతి. అది ఇల్లు కట్టుకొనువాడును, పొలమును ప్లాట్లుగా విభజించువాడును పురపాలక సంఘమునుండి పొందవలసినది. ఈ రెంటిని ఒక్క గాటికి కట్టి, "మా నేల, మా యిల్లు, నడుమ వీరెవరు?" అనువారు మనలో పెక్కుమంది కలరు. వారికి ప్రత్యుత్తరము చెప్పుటకే మేము లేచితిమి.

సూర్యాపేటయు, కోదాడయు హైదరాబాదు–విజయవాడ రహదారి నాశ్రయించి పెరిగినవి. మిర్యాలగూడ సాగరు నీటితోడను, బియ్యపు మిల్లులతోడను పెరిగినది. 2016 అక్టోబరు 11వ తేదీన సూర్యాపేట జిల్లా కేంద్రమైనది. కోదాడ యా జిల్లాలోనికి వచ్చెను. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచెను. క్రొత్త కచేరీలు వచ్చినవి; వాని వెంట ఉద్యోగులు, వ్యాపారులు, బిడ్డల చదువులకై పల్లెలు విడిచినవారు వచ్చిరి. ఊరి చుట్టునున్న వరిమళ్లలో హద్దురాళ్లు మొలచినవి. ఆ రాళ్లు నాటినవారిలో న్యాయముగా నాటినవా రెందఱో, ఆశకొలది నాటినవా రెందఱో తెలిసికొనుటకు చిన్న లెక్క చాలును.

ఎకరమునకు 4,840 చదరపు గజములు. నిబంధనల ప్రకారము పదియవ వంతు, అనగా 484 గజములు, పిల్లల యాటకును చెట్లకును ఖాళీస్థలముగా విడువవలెను. బాటలకు ఎంత తక్కువ యనుకొన్నను నాల్గవ వంతు పోవును. మిగిలినది 3,146 గజములు. నూట యేబది గజముల చొప్పున ఇరువది ప్లాట్లకు మించి రావు. అనుమతి లేనివాడు ఖాళీస్థలమును మ్రింగి, బాటను సందుగా జేసి, ఇరువదియైదు కోయును. అందుచేత వాడు గజమునకు కొంత తక్కువ ధర చెప్పగలడు. మనము సంతోషించి బయానా ఇత్తుము. ఆ యైదు ప్లాట్లు ఎవరివి? కొన్నవారందఱి బిడ్డల యాటస్థలము, ప్రాణాపాయమున అంబులెన్సు రావలసిన త్రోవ, వాననీరు పోవలసిన కాలువ — ఇవియే యా యైదు ప్లాట్లు.

దీని ఫలము మేమెఱిగిన కొన్ని కుటుంబములు అనుభవించినవి. బడిపంతుళ్లు, మిల్లు గుమాస్తాలు, ఒక లారీ డ్రైవరు కలసి పంచాయతీ ముద్ర వేసిన నకాశా చూచి తలకొక ప్లాటు కొనిరి. రిజిస్ట్రేషనును జరిగెను. ఇల్లు కట్టుకొన బోయిన నాడు గాని ఆ ముద్రకు విలువ లేదని తెలియలేదు. అనుమతి లేదు, అనుమతి లేనిదే బ్యాంకు అప్పు లేదు. 2020 ఆగస్టు 31వ తేదీన ప్రభుత్వమువారు 131వ ఉత్తరువు ద్వారా అక్రమ లేఔట్లను క్రమబద్ధము చేయు పథకమును ప్రకటింపగా, తెలంగాణమంతటినుండి సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చి పడినవి. మన కుటుంబములును వేయి రూపాయల రుసుము కట్టి యేండ్ల తరబడి వేచియుండిరి. పథకమునందలి యొక నియమ మేమనగా, లేఔటులో ఖాళీస్థలము లేనిచో, అందులకై ప్లాటు విలువలో నూటికి 14 వంతులు కొన్నవాడే చెల్లింపవలెను. చూచితిరా! అమ్మినవాడు మ్రింగిన స్థలమునకు కొన్నవాడు రెండవమారు వెల కట్టెను. అయినను ఆ స్థలము తిరిగి రాలేదు.

ధనమునకు మించిన నష్టమును కలదు. 2024 సెప్టెంబరు 1వ తేదీనాటి కుంభవృష్టికి కోదాడ పల్లపు వీథులు నీట మునిగినవి. ఆనాడే నడిగూడెము మండలమున సాగరు ఎడమకాలువకు గండి పడినది. చెరువునకు పూర్తి నీటిమట్టపు హద్దు యేల, దాని చుట్టు విడువవలసిన మేర యేల యని యడుగువారు ఆ దినమును స్మరింపవలెను. 2012 నాటి భవన నిబంధనలు 10 హెక్టారులకు తక్కువగాని చెరువు చుట్టు 30 మీటర్లు, చిన్న కుంట చుట్టు 9 మీటర్లు విడువుమన్నవి. నీరు తన పాత త్రోవను మఱువదు. నకాశా గీసినవాడే మఱచును.

ఇక శాసనము నిజముగా అంత కఠినమా? 2020లో వచ్చిన స్వీయ ధ్రువీకరణ చట్టమును చదివినవారికి అట్లు తోచదు. 75 చదరపు గజములలోపు స్థలమున, 7 మీటర్ల యెత్తు మీఱని చిన్న యింటికి అనుమతియే యక్కఱలేదు. ఒక్క రూపాయి కట్టి నమోదు చేసికొన్న చాలును. 500 చదరపు మీటర్ల లోపు స్థలమున 10 మీటర్ల యెత్తు మించని యింటికి, యజమాని తన మాటపై తాను హామీ యిచ్చినంతనే అనుమతి లభించును. అంతకు మించిన కట్టడములకు 21 దినముల గడువు. అది దాటెనా, అనుమతి యిచ్చినట్లే యెంచబడును. పౌరుని మాటను శాసనము నమ్మినది. ఆ నమ్మకమును వంచించినచో నోటీసు లేకయే కూల్చు అధికారమును ఉంచుకొన్నది.

అయితే కాగితముపై నున్నంత సూటిగా కచేరీలో నుండదని మేమెఱుగుదుము. ఒక పట్టణమున ఒకని దరఖాస్తు పందొమ్మిది దినములు కదలక పడియుండి, ఇరువదియవ దినమున ఒక షార్టుఫాలు చీటితో తిరిగి వచ్చెను. కొఱతబడినదన్న కాగితము మొదటి దినముననే జతపఱుపబడి యుండెను. దినముల లెక్క మరల ఒకటినుండి మొదలయ్యెను. ఆ సాయంకాలమే ఒక దళారి వారి యింటి తలుపు తట్టెను. ఇట్టి చోట్లనే న్యాయమార్గమున నడువదలచినవాడు విసిగి అడ్డదారి త్రొక్కును. అక్రమ లేఔట్లకు అమ్మువాని యాశ యెంత కారణమో, కచేరీ జాప్యమును అంత కారణమే. ఒకదానిని నిందించి రెండవదానిని విడుచుట ధర్మము కాదు.

కావున మేము కోరునవి మూడు. మొదటిది: మూడు పట్టణముల పురపాలక సంఘములును అనుమతి పొందిన లేఔట్ల పట్టికను, సర్వే నంబర్లతో సహా, స్పష్టమైన తెలుగున కచేరీ గోడపై వ్రాయింపవలెను. 2025లో బిల్డ్‌నౌ అను అంతర్జాల ద్వారము వచ్చినదని తృప్తి చెందరాదు. దానిని తెఱచి చూడలేని ముదుసలి కూడ ప్లాటు కొనుచున్నాడు. రెండవది: దరఖాస్తులోని కొఱతలన్నియు ఒక్క పర్యాయమే, మొదటి వారములోనే తెలుపవలెను. మూడవది మన పని. బయానా ఇచ్చుటకు ముందు పట్టాను, వ్యవసాయేతరముగా మార్చిన యుత్తరువును, అనుమతి పొందిన నకాశాను, ఖాళీస్థలమును సంఘమునకు దఖలు పఱచిన దస్తావేజును చూపుమని యడుగవలెను. చూపనివానికి పైక మీయరాదు.

ఈ పఠనమందిరములను మన పెద్దలు పత్రికలు చదువుటకు మాత్రమే స్థాపింపలేదు. తమ హక్కులను తాము చదివి తెలిసికొనుటకు స్థాపించిరి. భవన నిబంధనల తెలుగు ప్రతి నొకదానిని ఈ బల్లమీద నుంచుడు. చదువ నేర్చినవాడు చదువ రానివానికి వినిపించుగాక. వచ్చే ఆదివారమున మరల కూడుదము. ప్లాటు కొన నెంచినవారు తమ కాగితములను వెంట తెండు. అందఱము కలసి చూతము.