తూము తాళము ఎవరి చేత నుండవలెను?

(సామర్లకోట పఠనమందిర సభలో చేసిన ప్రసంగ పాఠము)



కాలువగట్టున పెరిగిన ఈ యూరివారికి నీటి సంగతి మేము చెప్ప బనిలేదు. 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట నుండి బయలుదేరిన నీరు లాకులు దాటి, పెద్దకాలువ నుండి పిల్లకాలువకును, అచ్చటినుండి తూము ద్వారా చేనికిని వచ్చును. చేను మనదే యైనను తూము తాళము పరుల చేత నున్నచో పంట పరాధీనమే గదా! మన పఠనమందిరములలోను, ఇండ్లలోను చేరిన కంప్యూటరు విషయమునను న్యాయమిదియే. యంత్రము మన సొమ్ముతో కొన్నదే. అందులోనికి వచ్చు సాఫ్ట్‌వేరు ఎచ్చటిదో, ఎవరి యనుమతితో మారుచున్నదో యెరిగినవారు మాత్రము బహు కొద్దిమంది.

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. చక్కగా పనిచేయుచున్న యంత్రములెన్నియో విండోస్ 11 కోరు నిబంధనలకు చాలక నిలిచిపోయినవి. అట్టివానికి లినక్సు ఒక మార్గము. 1993లో ఇయాన్ మర్డాక్ స్థాపించిన డెబియన్ సంఘము స్వచ్ఛంద సేవకులచే నేటికిని నడుచుచున్నది. అందలి సాఫ్ట్‌వేరు ప్యాకేజీలను మూటలుగా నుండును. ప్రతి మూటపైనను దానికి తోడుగా నేయే మూటలు కావలయునో వ్రాసియుండును. పోతన, వేమన పేరిటి తెలుగు ఖతులును అచ్చట నట్టి ప్యాకేజీగనే దొరకును.

ఈ మూటలు వచ్చు కాలువలు ముఖ్యముగా మూడు. క్రొత్తది మొదట అన్‌స్టేబుల్‌లో ప్రవేశించును. కొన్నిదినములు పెద్ద దోషము కనబడనిచో టెస్టింగ్‌నకు దిగును. ఇంచుమించు రెండేండ్ల కొకసారి ఆ టెస్టింగే స్థిరపడి స్టేబుల్ అగును. 2025 ఆగస్టులో వెలువడిన ట్రిక్సీ యట్టిదే. భద్రతా సవరణలకు వేరొక కాలువ కలదు. ఏ కాలువ నీరు త్రాగవలయునో నిర్ణయించు జాబితా మన యంత్రముననే, మనము చదువదగిన అక్షరములలో నున్నది. 'ఆప్ట్ అప్‌డేట్' అన్నచో క్రొత్త పట్టిక మాత్రమే వచ్చును. 'ఆప్ట్ అప్‌గ్రేడ్' అన్నప్పుడే సరుకు మారును.

అధికార మున్నచోట బాధ్యతయు నుండును. మేమొకప్పుడు క్రొత్తదనముపై మోజుతో స్టేబుల్ జాబితాలో టెస్టింగ్ పంక్తి నొకదానిని చేర్చితిమి. ఒక చిన్న ప్యాకేజీ కోరగా అది క్రొత్త ఆధార లైబ్రరీలను వెంట లాగుకొని వచ్చెను. వానితో పొసగని పాతవానిని తొలగింతునా యని యంత్రము పేర్లతో సహా అడిగెను. చదువకయే సరే యంటిమి. మరునాడు తెర నల్లగా నుండెను. దోషము యంత్రముది కాదు, మాది.

ఇంతకన్న ఘోరమైన ప్రమాద మొకటి 2024 మార్చిలో తప్పినది. ఎక్స్‌జెడ్ అను కుదింపు సాధనమున, ఏండ్ల తరబడి సేవచేసి నమ్మకము గడించిన 'జియా టాన్' అను పేరుగల అజ్ఞాతుడు దొంగదారి యొకటి చేర్చెను. దూరమునుండి ప్రవేశించు ఎస్‌ఎస్‌హెచ్ ద్వారము అరక్షణము ఆలస్యమగుట గమనించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు దానిని బయటపెట్టెను. అప్పటికే ఆ విషము డెబియన్ టెస్టింగ్ వరకు దిగినది. స్టేబుల్‌ను మాత్రము చేరలేదు. భాండారపు పట్టికపై సంతకము మూట అచ్చటినుండియే వచ్చినదని చెప్పును గాని, లోపలివాడు ద్రోహి కాడని చెప్పజాలదు. నిలువ కాలము, పలువురి కన్నులు, ఈ రెండే కాచినవి.

అట్లని సవరణలు మానరాదు. ఆలస్యము వేరు, అలసత్వము వేరు. భద్రతా కాలువను ఏనాడును మూయరాదు. పదిమంది వాడు యంత్రమునకు స్టేబుల్‌నే ఉంచుడు. ఊరు పేరు లేని భాండారమును జాబితాలో చేర్చకుడు. సంతకము సరిపోలలేదని యంత్రము హెచ్చరించినచో ఆగుడు. ఏదేని ప్యాకేజీని మార్పక నిలిపియుంచినచో, కారణమును తేదీతో ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. తరువాతివాని కది దారి చూపును.

ఈ మందిరపు యంత్రము జాబితాను నేడే తెరచి, అందలి ప్రతిపంక్తి ఎవరిదో చదువుదురు గాక! తూము తాళము చేతికి వచ్చిన పిదప, నీరు పెట్టు వేళ తెలియదనుట మనకు తగదు.