దేవునకు మాఱుపలుకు

మా కార్వేటినగరమున వేణుగోపాలస్వామికి మంత్రము సంస్కృతము. సారంగపాణి కూర్చిన పదములు తెనుఁగు. ఆ రెండును విని పెరిగినవాఁడను గనుక కతోలికుల ఆదివారపు పూజలోని మార్పు నాకు వింత గాదు.

పూర్వము గురువు లాటినున పఠింపఁగా జనులలోఁ బలువురు జపమాల త్రిప్పుచుండెడివారు. ప్రసంగము, పెండ్లి చాటింపు మాత్రము దేశభాషలోనే. 1963లో రెండవ వాటికను మహాసభ పూజలోనికిని దేశభాషలను రానిచ్చెను. 1976లో నేర్పడిన కడప మేత్రాసనమున మా చిత్తూరు సీమయుఁ జేరినది. గురువు రాలేని ఆదివారమునఁ బల్లెలో ఉపదేశియే వాక్యము చదివి ప్రార్థన నడపును. బలిపూజ మాత్రము గురువు లేనిదే జరుగదు.

పాతభాష గాంభీర్యము కొంత పోయినదని సంస్కృతము చదివిన నాకుఁ దోఁచును. అయినను నేఁడు గురువు దీవింపఁగా, అక్షరము రాని అవ్వయుఁ దెనుఁగున మాఱుపలుకుచున్నది. పూర్వ మామె బదులు ఆ మాటను పీఠముకడ బాలుఁడు లాటినునఁ జెప్పెడివాఁడు.