గేదెకు పది ప్రశ్నలు, గర్భసంచికి ఒక్కటీ లేదు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు మాట్లాడిన మాటలు)

మేము పదో తరగతి వరకే చదువుకున్నాము. మైకు ముందు మాట్లాడటం కొత్త. తప్పులుంటే మన్నించండి. పొదుపు, రికవరీ లెక్కలు ఇందాక విన్నారు. మేము మా అప్పుల పుస్తకంలో చూసిన ఒక సంగతి చెప్తాము.

మా సంఘంలో ఎవరైనా గేదెకు అప్పు అడిగితే ఊరికే ఇవ్వము. ఎన్నో ఈత? పూటకు ఎన్ని లీటర్లు? ఎవరి దగ్గర కొంటున్నావు? మేత ఎక్కడిది? బీమా చేయిస్తావా? చూడి కట్టకపోతే వాయిదా ఎట్లా కడతావు? ఇన్ని అడిగి, మాలో ఇద్దరం వెళ్లి దగ్గరుండి పాలు పిండించి చూసి వస్తాము. అప్పుడు సంతకాలు.

పోయినేడు పాత మినిట్స్ పుస్తకాలు తిరగేస్తుంటే గర్భసంచి ఆపరేషన్‌కి ఇచ్చిన అప్పు కనపడింది. ముప్పై వేలు. తీర్మానంలో ఒక్కటే ముక్క, "ఆరోగ్య అవసరం, మంజూరు" అని. ఆ రోజు మేము ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. జాలిపడి, అరగంటలో డబ్బు చేతిలో పెట్టాము. మంచి పని చేశామనే అనుకున్నాము.

ఆమెకు అప్పటికి 34 ఏళ్లు. తెల్లబట్ట, నడుం నొప్పి. టౌన్లో ఒక ఆసుపత్రికి వెళ్తే స్కానింగు తీసి, "సంచికి పుండు పడింది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది, పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకు" అన్నారట. క్యాన్సర్ అనే మాట విన్నాక ఇంకేం అడుగుతాము? తీయించుకుంది. ఏడాది తిరగకుండానే ఒంట్లో ఆవిర్లు, రాత్రిళ్లు నిద్ర పట్టదు, కీళ్ల నొప్పులు. నాట్లకు రావడం మానేసింది. వాయిదాలు ఆలస్యమైతే మేమే కోప్పడ్డాము కూడా.

ఆ ఆసుపత్రి కాగితం ఇంగ్లీషులో ఉంది. ఇంట్లో బియ్యం డబ్బా వెనక దాచి పెట్టుకుంది. పోయినేడు మా పీహెచ్‌సీ డాక్టరమ్మ గారు చదివి, "సంచితో పాటు రెండు అండాశయాలు కూడా తీసేశారమ్మా, నీకు తెలుసా?" అని అడిగారు. ఆమెకు తెలియదు. చిన్న వయసులో అండాశయాలు తీస్తే ముట్లు ఆగిపోయిన పెద్దవాళ్లకు వచ్చే బాధలు అప్పుడే మొదలవుతాయని, ఎముకల బలం తగ్గుతుందని డాక్టరమ్మ గారు చెప్పారు. బయటికి వచ్చాక ఆమె మాతో, "వాళ్లు నన్ను అడగలేదక్కా. నేనూ అడగలేదు" అంది. మేము కూడా అడగలేదని మాకు అప్పుడు తెలిసింది.

ఇది మా ఒక్క ఊరి కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 100కి ముగ్గురు. మన ఆంధ్రప్రదేశ్‌లో 100కి సుమారు తొమ్మిది మంది. తెలంగాణలో సుమారు ఎనిమిది మంది. అనవసరంగా చేసే ఈ ఆపరేషన్లను ఆపడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.

మరి క్యాన్సర్ భయం మాటేమిటి? ఆ భయం ఉత్తది కాదు. గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ నిజంగానే వస్తుంది. కానీ దాన్ని ముందే కనిపెట్టే పరీక్ష ఉంది. 30 దాటినవాళ్లు ఐదేళ్లకోసారి చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో డబ్బు కట్టనక్కర్లేదు. వెనిగర్‌లో ఉండే ఆమ్లమే, పలచగా కలిపి, దూదితో ముఖద్వారానికి రాసి ఒక నిమిషం ఆగి చూస్తారు. తెల్ల మచ్చ కనపడితే పెద్దాసుపత్రికి పంపుతారు. మచ్చ కనపడినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. ఈ జబ్బు ముదరడానికి మామూలుగా ఏళ్లు పడుతుంది. మొదట్లోనే దొరికితే ఆ కాస్త చోటుకే వైద్యం చేసి నయం చేయొచ్చు, సంచి తీయక్కర్లేదు. సిగ్గుపడి పరీక్షకు వెళ్లనిది మనమే, భయపడి ఆపరేషన్‌కి వెళ్లేదీ మనమే.

మొన్న సంక్రాంతి తర్వాత ఇంకో చెల్లెలు అప్పుకు వచ్చింది. అవే బాధలు, డాక్టరు చెప్పింది కూడా అవే మాటలు. ఈసారి మేము, "అప్పు ఇస్తాము, ముందు ఒకసారి అడిగి తెలుసుకుందాం రా" అని వెంట వెళ్లాము. పీహెచ్‌సీలో ఆ పరీక్ష చేశారు, మచ్చ లేదు. ఏరియా ఆసుపత్రిలో ఆడవాళ్ల డాక్టరు గారు చూసి, ఇన్‌ఫెక్షన్ అన్నారు. ఆమెకూ, ఆమె భర్తకూ మాత్రలు ఇచ్చారు. తగ్గింది. అప్పు అవసరం పడలేదు.

ఆపరేషన్లన్నీ మోసమని మేము అనడం లేదు అక్కా. మా సంఘంలోనే ఒక పెద్దమ్మకు సంచి కిందికి జారింది. డాక్టరు గారు చీటీ వెనక బొమ్మ గీసి, లోపల రింగు పెట్టుకుంటే ఎట్లా ఉంటుంది, ఆపరేషన్ అయితే ఎట్లా ఉంటుంది అని రెండూ చెప్పారు. పెద్దమ్మ, "నేను రోజూ గడ్డిమోపు ఎత్తేదాన్ని, రింగు మార్చుకోవడానికి మాటిమాటికీ రాలేను" అంది. డాక్టరు గారు ఆలోచించి, ఆపరేషన్ సరే కానీ మూడు నెలలు మోపు ఎత్తొద్దని ఒప్పించారు. మేము అప్పు రాశాము. ఆ మూడు నెలలు వంతులవారీగా గడ్డి మేమే కోసి ఇచ్చాము. మాకు నచ్చిన పద్ధతి అదే. జబ్బు గురించి డాక్టరు గారికి తెలుసు. మన ఒళ్లు, మన ఇల్లు, మన కూలి పని సంగతి మనకు తెలుసు. రెండూ కలిస్తేనే సరైన నిర్ణయం.

అందుకని మేము ఐదు ప్రశ్నలు రాసుకున్నాము:

ఒకటి, నా జబ్బు పేరేమిటి, ఏ పరీక్షలో తేలింది?
రెండు, కొన్నాళ్లు ఆగితే ఏమవుతుంది?
మూడు, మందులు గానీ వేరే దారి గానీ ఉందా?
నాలుగు, ఏది తీస్తారు, ఏది ఉంచుతారు?
ఐదు, తర్వాత నా ఒంట్లో ఏం మారుతుంది, ఎన్నాళ్లు పనికి పోలేను?

అడిగితే కొందరు డాక్టర్లు విసుక్కుంటారు. "అన్నీ తెలిస్తే నా దగ్గరికెందుకు వచ్చావు?" అని ఒకచోట అన్నారు కూడా. "తెలియకే అడుగుతున్నాం సార్" అని చెప్పండి. అప్పటికీ చెప్పకపోతే రిపోర్టులు తీసుకుని ఇంకో డాక్టరుకు చూపించండి. ఒక్క సంగతి మాత్రం మర్చిపోవద్దు. ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనపడినా, భార్యాభర్తలు కలిసిన తర్వాత రక్తం వచ్చినా మీటింగు కోసం ఆగొద్దు, వెంటనే డాక్టరుకు చూపించుకోండి.

మా సంఘంలో తీర్మానం చేసుకున్నాము. ఆరోగ్యానికి అడిగిన అప్పు ఆపము. ప్రాణం మీదికి వస్తే అర్ధరాత్రైనా ఇస్తాము. తొందర లేని ఆపరేషన్ అయితే, ఆమెకు ఇష్టమైతే, ఒకరం తోడు వెళ్తాము. చేయించుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. సంఘం డాక్టరు కాదు, ఆమెకు అత్తగారూ కాదు. 30 దాటిన సభ్యులందరం పరీక్షకు ఒకే రోజు కలిసి వెళ్లాము. అందరం కలిసి పోతే సిగ్గు సగం తగ్గింది. మీ గ్రామ సంఘాల్లో కూడా ఆశా కార్యకర్తనో, ఏఎన్ఎం గారినో అడిగి ఒక రోజు పెట్టుకోండి.

ఆ ఐదు ప్రశ్నలు మా మినిట్స్ పుస్తకం అట్ట లోపల అంటించి ఉన్నాయి. వాటిని తన చేత్తో రాసింది ఆ 34 ఏళ్లకే ఆపరేషన్ అయిన మా సభ్యురాలే. ఆమె ఇవాళ ఇక్కడే, మూడో వరసలో కూర్చుని ఉంది. ఈ సంగతి చెప్పడానికి ఒప్పుకున్నందుకు ఆమెకు మా అందరి తరఫున దండం పెడుతూ సెలవు తీసుకుంటున్నాము.