మనకు గుర్తున్నదీ, మనం మరచినదీ

 



మన కరీంనగర్‌కు ఆ పేరు ఎలగందుల ఖిల్లాదారు సయ్యద్ కరీముద్దీన్ పేరు మీదుగా వచ్చింది. ఆనాడు జిల్లాకు కేంద్రం ఎలగందులే. 1905లో ఆ హోదా కరీంనగర్‌కు మారింది. నేడు మనలో అనేకులకు ఎలగందుల అంటే సెలవు నాడు పిల్లలను తీసుకువెళ్ళి చూపించే పాత కోట, అంతే. ఒక జిల్లా కేంద్రాన్నే మరచిపోవడానికి మూడు నాలుగు తరాలు చాలాయి. మనిషి తన సొంత జీవితాన్ని మరచిపోవడానికి అంత కాలం కూడా అక్కరలేదు.

ఈ రెండు జిల్లాలలో జ్ఞాపకం అనగానే ముంపు గ్రామాలవారు గుర్తుకు వస్తారు. దిగువ మానేరు డ్యాం నిర్మాణం 1974లో మొదలై 1985లో ముగిసింది. తరువాత గోదావరిపై కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నడుమ ఎల్లంపల్లి వచ్చింది. ఆపై మధ్య మానేరు కింద కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి, శాభాష్‌పల్లి వంటి ఊళ్ళు నీటి పాలయ్యాయి. ఊరు పోయినవాని జ్ఞాపకం ఎంత పదునైనదో వారితో కూర్చుంటే తెలుస్తుంది. ఎండాకాలం నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు ఒడ్డున నిలబడి, ఇక్కడ మా గడప, అక్కడ చేదబావి, ఆ పక్కన మా నాయన సమాధి అని వేలు పెట్టి చూపిస్తారు.

అటువంటి ఒక పునరావాస కాలనీలో ఒక పెద్దమనిషిని మేము కలిశాము. పోయిన పొలానికి నాలుగు వైపులా ఎవరెవరి భూములున్నాయో ఆయన తడుముకోకుండా చెప్పారు. గట్టు మీద ఎన్ని మామిడి చెట్లుండేవో, అధికారులు కొలిచేటప్పుడు ఎన్ని గుంటలు తక్కువ రాశారో, చెట్లకు ఎంత లెక్క కట్టారో, ఏ విడతలో ఎంత పరిహారం అందిందో అంతా కంఠస్థం. ఆయన ఫిర్యాదు న్యాయమైనదే. అయితే ఆ పొలం వారి తండ్రిగారిది. వారసులు ఇద్దరే, ఈయనా, ఈయన చెల్లెలూ. ఆ పరిహారంలో ఆమె వాటా ఎంత ఇచ్చారని మేము అడిగాము. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, “అది అడగలె, నేను ఇయ్యలె” అన్నారు. పక్కనే ఉన్న ఆ చెల్లెలు తల వంచుకుని మెల్లగా అన్నది: “అడిగితే పుట్టింటి గడప దూరమైతదని అడగలె.”

సోదరులారా! సర్కారు తగ్గించిన గుంటలు ముప్పై ఏళ్ళయినా గుర్తున్నాయి. తాము ఆపిన వాటా గుర్తు లేదు. ఆ పెద్దమనిషి చెడ్డవాడు కాడు, అయిదు పూటలా నమాజు చేసేవాడు. మన జ్ఞాపకం పనిచేసే తీరే అది. మనకు రావలసినదాన్ని అది భద్రంగా దాచుతుంది, మనం ఇవ్వవలసినదాన్ని జారవిడుస్తుంది. నిసా సూరా 11వ వాక్యంలో అల్లాహ్ స్వయంగా వాటాలు నిర్ణయించాడు. ఈ ఇంట్లో మూడు వంతులలో రెండు అన్నవి, ఒకటి చెల్లెలిది. “పెళ్ళిలో పెట్టాము కదా” అనేవారు ఒక సంగతి గమనించాలి. పెళ్ళినాటికి తండ్రి బ్రతికే ఉన్నాడు. అప్పుడు పెట్టినది కానుక. వారసత్వపు హక్కు ఆయన మరణంతో పుట్టింది. కానుకతో హక్కు తీరదు.

ఇంకొకటి అడుగుతాము, ఎవరి మనసులో వారే జవాబు చెప్పుకోండి. మీ నికాహ్‌లో మహర్ ఎంత? వలీమాలో ఎన్ని డేగ్‌లు దించారో, ఏ చుట్టానికి కూర అందక అలిగి వెళ్ళాడో మనకు గుర్తే. వకీలు, సాక్షుల ఎదుట ఒప్పుకున్న మహర్ సంఖ్య ఎందరికి గుర్తుంది? అది చెల్లించామో లేదో ఎందరికి తెలుసు? చాలా ఇళ్ళలో అది భర్త జనాజా లేచేటప్పుడు “మాఫ్ చేశానని చెప్పమ్మా” అని ఆమె చెవిలో అనిపించే మాటగా మిగిలింది. ఏడుస్తున్న స్త్రీ చేత ఆ సమయంలో అనిపించే మాఫీ ఏపాటి మాఫీ?

మన జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుండి గల్ఫ్ వెళ్ళినవారి సంగతీ ఇంతే. ఏజెంటు చేసిన మోసం, ఎడారిలో పడిన కష్టం జీవితాంతం చెప్పుకుంటాము. వీసా కోసం కాగితం లేకుండా, నమ్మకం మీద నలభై వేలు చేతిలో పెట్టిన బావమరిది పేరు మాత్రం ఆ కథలో రాదు. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన వాక్యం బఖరా సూరాలోని 282వది. అది అప్పు గురించినది. చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాయండి, సాక్షులను పెట్టండి అని అందులో ఆజ్ఞ. మనల్ని సృష్టించినవానికి మన మతిమరుపు తెలుసు.

నిజమే, మరపు ఒక కారుణ్యం కూడా. ఉపవాసంలో మరచి తిన్నవాని ఉపవాసం చెల్లుతుంది. మరచిన అప్పు మాత్రం చెల్లదు, అది సాటి మనిషి హక్కు. అప్పు తీర్చకుండా మరణించిన ఒకరి జనాజా నమాజు చేయించక దైవప్రవక్త (సఅసం) ఆగిపోగా, అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తన మీద వేసుకున్న తరువాతే ఆయన నమాజు చేయించారు. వారు మరచిపోయిన కర్మలను అల్లాహ్ లెక్కించి ఉంచాడని ముజాదలా సూరా హెచ్చరిస్తున్నది.

ఆ పెద్దమనిషి సంగతి ఇంకా తేలలేదు. పరిహారపు డబ్బుతో కట్టిన ఇల్లు ఇప్పుడు కొడుకు పేరున ఉంది, కొడుకు ఒప్పుకోవడం లేదు. తండ్రి మాత్రం ఒక రూళ్ళ పుస్తకం కొని, మొదటి పుటలో చెల్లెలి పేరు, ఆమెకు రావలసిన మొత్తం రాయించి, సాక్షులుగా ఇద్దరి సంతకాలు పెట్టించారు. నెలనెలా కొంత ఇస్తున్నారు. రాయించదగినది ఉన్న ముస్లిం, వీలునామా రాయకుండా రెండు రాత్రులు గడపరాదని ప్రవక్త (సఅసం) బోధించారు. ఈ జుమా నుండి వచ్చే జుమాకు ఏడు రాత్రులున్నాయి. మన ఇళ్ళలో పిల్లల పాత నోటుపుస్తకాలకు కొదువ లేదు.

ఓ అల్లాహ్! మానేరు, గోదావరి నీళ్ళ అడుగున సమాధులలో ఉన్న మా పెద్దలను మన్నించు. వారి పేర్లు మేము మరచినా నీవు మరువవు. మా మీద ఎవరి హక్కు ఉన్నదో, ఆ మనిషి బ్రతికి ఉండగానే మాకు గుర్తు చేయి. ఆమీన్.