మాట పోయినా పాట మిగిలితే...



మేడ్చల్‌లోనో, శామీర్‌పేటలోనో ఒక ఇల్లు ఊహించుకోండి. ఇంటి పెద్దాయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. మాటా పోయింది. మంచినీళ్ళు కావాలన్నా సైగే. అలాంటి మనిషి, సాయంత్రం కోడలు దీపం పెట్టి మంగళహారతి పాడుతుంటే గొంతు కలిపి రెండు చరణాలు స్పష్టంగా పాడేస్తారు! ఇంట్లోవాళ్ళకు ముందు ఆశ్చర్యం, ఆ వెంటనే అనుమానం. "పాడగలిగినాయన మాట్లాడలేరా? మొండికేస్తున్నారేమో!"

మొండితనం కాదండీ. చాలామందిలో మాటకు ముఖ్యమైన భాగాలు మెదడులో ఎడమ పక్కన ఉంటాయి. 1865లోనే ఫ్రెంచి వైద్యుడు బ్రోకా ఈ సంగతి ప్రకటించాడు. కుడి చేతినీ, కాలినీ ఆడించేదీ ఆ పక్కే. అందుకే తరచు రెండూ కలిసి దెబ్బతింటాయి. రాగం పలకడానికి కుడి పక్క మెదడు బాగా సాయపడుతుంది. పైగా ఏళ్ళ తరబడి పాడిన పాట నోటికి వచ్చేసి ఉంటుంది, కొత్తగా మాటలు కూర్చుకోనక్కర్లేదు.

దీన్ని ఆసరా చేసుకుని 1973లో అమెరికాలోని బోస్టన్‌లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనే ముగ్గురు ఒక చికిత్స ప్రకటించారు. పేరు మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ. అంటే పాటలు పాడించడమనుకునేరు! మామూలు మాటనే రాగంగా పలికించడం. "నీళ్ళు కావాలి" అన్న మాట తీసుకోండి. నొక్కి పలికే అక్షరం కాస్త పైస్థాయిలో, తక్కినవి కిందిస్థాయిలో. ఒక్కో అక్షరానికి రోగి ఎడమ చేతితో బల్లమీద ఒక్కో తట్టు. మొదట కూనిరాగం, తరవాత ఇద్దరూ కలిసి, ఆ పైన చెప్పేవారు మెల్లగా తప్పుకుంటారు. చివరికి "ఏం కావాలి?" అని అడిగితే ఆయనే జవాబు చెప్పాలి. క్రమంగా రాగం తగ్గించి మామూలు మాటలోకి తెస్తారు. తెలిసిన పాట బాణీ మాత్రం వాడరు, వాడితే ఆ పాట మాటలే నోట్లోకి వచ్చేస్తాయి.

అయితే ఇది అందరికీ పనికిరాదు. ఎదుటివారి మాట బాగా అర్థమవుతూ, తాము పలకలేకపోతున్న వారికే ఎక్కువ ఉపయోగం. సాధన చేసిన మాటలే ముందు వస్తాయి, ధారాళంగా మాట్లాడతారన్న హామీ లేదు. అందుకని స్పీచ్ థెరపిస్టుకు చూపించి, వారు చెప్పిన పద్ధతే ఇంట్లో చెయ్యాలి. ఊరి చివరనుంచి రోజూ నగరానికి తీసుకెళ్ళడం ఎవరివల్ల అవుతుంది? సాధన సాగేది ఇంట్లోనే, మన చేతులమీదుగానే.

టీవీ, మిక్సీ ఆపి ఎదురుగా కూర్చోండి. రోజూ అవసరమయ్యే మాటలు నాలుగే ఎంచుకోండి. జవాబుకోసం ఓపికపట్టండి. తొందరపడి మీరే పూర్తిచేయకండి. పసివాడితో మాట్లాడినట్టు మాట్లాడకండి, పోయింది మాటే గాని తెలివి కాదు. మనవలను కూడా పక్కన కూర్చోబెడితే వాళ్ళే హుషారుగా తాళం వేస్తారు.

మరొక్క మాట. మూతి వంకరపోయినా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షను మామూలుగా నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. కాస్త పడుకుంటే సర్దుకుంటుందని చూడకండి.

మన ఇళ్ళల్లో హారతిపాట, బతుకమ్మపాట రాని పెద్దవాళ్ళు తక్కువ. ఆ గొంతు మళ్ళీ కూనిరాగం తీస్తే మురిసిపోయి ఊరుకోకండి. స్పీచ్ థెరపిస్టుకు చెప్పండి. "నీళ్ళు కావాలి" అని ఆయనే నోరారా అడిగే దారి అక్కడ మొదలుకావచ్చు. సెలవు.